వరండాలో ఒక వారం

మానంతవాడి,
జనవరి 22.

ప్రియమైన బీనచేచ్చికి,

ముందు ఇంటి సంగతులు రాస్తాను. లేకపోతే పని పడితే గానీ అక్క గుర్తురాని తమ్ముడు అని దెప్పుతావు. కాఫీ కోత అయిపోయింది. పెరడంతా, చివరికి మెట్ల మీద కూడా గింజలు ఆరబోసి ఉన్నాయి. అమ్మ మోకాలి నొప్పి మర్చిపోయి పొద్దస్తమానం కోళ్ళ వెంట పరిగెడుతోంది. వచ్చేనెల చర్చి ఉత్సవానికి తప్పకుండా రమ్మని తనే, అదే మీ పిన్ని, మరీ మరీ చెప్పమంది. నీ మరదలు షెరిన్ పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళింది, బాగానే ఉంది, నిన్ను అడిగానని రాయమంది.

ఇక అసలు సంగతి. ఫోన్‌లో అయితే నా మాట సగంలోనే తుంచేస్తావు కాబట్టి ఉత్తరం. మనమంతా కలిసి తయారుచేసే మంజాడి కంప్యూటర్ వ్యవస్థలో, ఇప్పుడు నడుస్తున్న కబని విడుదల కోసం నేను పంపిన దిద్దుబాటును మళ్ళీ తిప్పికొట్టావు. ఇది రెండోసారి. ఒకే అమ్మమ్మ చేతి చేపల పులుసు తిని పెరిగినవాళ్ళం మనం. నువ్వేమో ఆ నలుగురు ఆమోదకుల్లో ఒకతెవై కూర్చుని, సొంత తమ్ముడిని వరండాలోకి కూడా రానివ్వడం లేదు.

అది దేనికో మంజాడి పేజీలో రాశాను, మళ్ళీ చెబుతాను. చూపు లేనివాళ్ళకు తెర మీదున్నది చదివి వినిపించే మొళి ఉంది కదా, దాని మంచీచెడూ చూసుకునేది నేనే. ఈమధ్య దాంతో ఎక్కువసేపు ఆపకుండా చదివిస్తే ఉన్నట్టుండి మూగబోతోంది. యంత్రం మొత్తం ఆపి మళ్ళీ మొదలుపెడితే తప్ప నోరు విప్పదు. నేను చేసింది చాలా చిన్న పని. మొళి పక్కన ఒక చిన్న ప్రోగ్రాంను కాపలావాడిగా పెట్టాను. అది మూగబోగానే వీడు తట్టి లేపుతాడు, లేచి చదువుకుంటూ పోతుంది. రాసింది పట్టుమని పది లైన్లు లేవు. కాలేజీలో నాతో పనిచేసే ఇద్దరు గంటల తరబడి చదివించి చూశారు, ఎక్కడా ఆగలేదు.

దానికి నీ అభ్యంతరం ఏమిటి? 'ఎక్కడ బెడిసికొట్టవచ్చు' అనే గడిలో నేను 'ఎక్కడా లేదు' అని రాశానట, అది జవాబు కాదట. లేని చోటు చూపించమంటే ఎక్కణ్ణుంచి తేను చేచ్చీ, కల్పించి రాయనా? పద్నాలుగు జిల్లాల్లో బళ్ళూ లైబ్రరీలూ కబని మీదే నడుస్తున్నాయి. చూపు లేనివాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. కొంచెం త్వరగా చూడు.

నీ తమ్ముడు,
జోబి


త్రిసూర్,
ఫిబ్రవరి 6.

ఒరేయ్ జోబీ,

కాఫీ గింజల గురించి పేరా రాశావు గానీ ఒక్క పొట్లం పంపడానికి చేతులు రాలేదు నీకు. పిన్నికి మోకాలికి రాసే తైలం బస్సులో పంపాను, రాయించు. ఉత్సవానికి రాలేను. మా అత్తగారిని ఒంటరిగా వదలలేను ఇంకా.

ఇక ఈ ముక్క ఇదే మొదటిసారీ ఆఖరిసారీ అనుకుని విను. ఆమోదం సంగతి ఇంటి ఉత్తరాల్లో రాయకు. ఏదున్నా పేజీలో రాయి, ఊరంతా చదవగలిగే చోట. మనం అలా ఒప్పుకునే ఈ పనిలోకి దిగాం. నాకు విడిగా ఉత్తరం రాయగల తమ్ముడు ఉన్నాడు. పాలక్కాడ్‌లో కూర్చుని దిద్దుబాట్లు పంపే ఆ అమ్మాయికి నాలాంటి అక్క లేదు.

వరండా అని పేరు పెట్టిందే మనం. కొత్త మనిషి ఇంటికొస్తే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోం కదా. వరండాలో కూర్చోబెడతాం, మంచినీళ్ళిస్తాం, నాలుగు మాటలాడతాం. అలాగే ఏ దిద్దుబాటైనా ఒక వారం అక్కడ కూర్చోవాలి, ఆ వారంలో రాసినవాడు కాని మనిషి ఒకరు వాడి చూసి బాగుంది అనాలి. అప్పుడు లోపలికి. కబని వాడేవాళ్ళు కొత్తదనం కోసం వాడడం లేదురా. నిన్న పనిచేసింది ఇవాళ కూడా పనిచేస్తుందని వాడుతున్నారు. అది నిలబెట్టడమే మన పని.

నవంబరు గుర్తుందా? మొళి ఒత్తులున్న జోడక్షరాలు తడబడకుండా పలకాలని ఒక దిద్దుబాటు పంపావు. అప్పుడూ ఆ గడిలో 'ఎక్కడా లేదు' అనే రాశావు. అత్తగారు ఆస్పత్రిలో ఉంటే నేను బయట బల్ల మీద కూర్చుని, మా జోబి రాసిందే కదా అని వారం కూడా ఆగకుండా లోపలికి పంపించాను. మొళి మూగబోతోందని మొదటి ఫిర్యాదు వచ్చింది ఆ తర్వాతే. అది కాకతాళీయమని నువ్వనుకుంటే పేజీలోనే అను.

ఇంకొకటి. నీ పరీక్షకులిద్దరికీ కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. మొళి చదువుతోందా ఆగిందా అని చూసి ఉంటారు, ఏం చదివిందో విని ఉండరు. పొద్దున లేచింది మొదలు మొళితోనే బతికే మనిషి నీ ఇంట్లోనే ఉంది. షెరిన్ చేత చూపించావా? ఆ పేజీలో ఆమె పేరు ఎక్కడా లేదెందుకు?

బీన


మానంతవాడి,
మార్చి 9.

చేచ్చీ,

పొట్లం పంపుతున్నాను. తాగుతూ ఈ ఉత్తరం చదువు, కనీసం అప్పుడైనా నా మీద కోపం తగ్గుతుందేమో. ఇల్లంతా ఉపవాసకాలం, చేప వాసన లేదు. అమ్మ ఏ మాటకైనా చిరచిరలాడుతోంది. నేనూ అలాగే ఉన్నాను. కాబట్టి దాచకుండా రాసేస్తున్నాను. ఇంటి ఉత్తరంలో రాయకూడదంటే చింపి పారెయ్యి.

షెరిన్ ఉద్యోగం ఒక పరీక్ష మీద వేలాడుతోంది. ఆమె బళ్ళో చరిత్ర చెబుతోందని నీకు తెలుసు. ఆ ఉద్యోగం నిలవాలంటే అర్హత పరీక్ష పాసు కావాలి. గడువు రెండుసార్లు పెంచారు, ఇక పెంచరట. మే నెలాఖరులో జరిగేదే ఆఖరి అవకాశం. అది పోతే జూన్‌లో బడి తెరిచేనాటికి ఆమె కుర్చీలో ఇంకొకరు ఉంటారు. మేనేజరు మేనకోడలు సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది.

చూపు లేనివాళ్ళు ఆ పరీక్ష కంప్యూటర్ మీద మొళితో రాయవచ్చు, లేదా చదివి రాసిపెట్టే మనిషిని తెచ్చుకోవచ్చు. షెరిన్ మనిషి వద్దంటుంది. "ఇంకొకరి నోటితో చదివి ఇంకొకరి చేత్తో రాస్తే అది నా పరీక్ష ఎలా అవుతుంది?" అంటుంది. పెళ్ళయిన కొత్తలో నేను ఆమె జవాబు కాగితాలు దిద్దబోతేనే చేతిలోంచి లాక్కున్న మనిషి. డిసెంబరు పరీక్ష మొళితోనే రాసింది. సగం పేపరులో మొళి మూగబోయింది. అక్కడున్న పర్యవేక్షకుడికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఎవరినో పిలిపించి యంత్రం ఆపి మళ్ళీ మొదలుపెట్టించేసరికి టైం అంతా గడిచిపోయింది. కాసిన్ని మార్కుల్లో తప్పింది.

నా యంత్రంలో మొళిని నేనెప్పుడో బాగుచేసుకున్నాను. దానివల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. పరీక్ష హాల్లో ఉండేది మీ నలుగురూ ఆమోదించిన కబని. మే పదో తారీఖున పరీక్షాకేంద్రాలకు కాపీ తీసుకుంటారు. ఆనాటికి లోపల ఉన్నదే లెక్క. వరండాలో కూర్చున్నది వాళ్ళకు కనబడదు.

ఆమె చేత ఎందుకు చూపించలేదని అడిగావు. చదువుకోవడానికే ఆమెకు టైం చాలడం లేదు చేచ్చీ. బడి, ఇంటిపని, ఆపైన పుస్తకాలు. నీ గడి మాత్రం నింపాను. 'మొళి వెంటవెంటనే మూగబోతే కాపలావాడు కూడా చేతులెత్తేయవచ్చు' అని రాశాను. సంతోషమేనా? ఇప్పుడైనా రానిస్తావా, ఇంకో గడి గీస్తావా?

జోబి


త్రిసూర్,
మార్చి 24.

జోబీ,

పిన్ని ఫోన్ చేసింది. పలకరింపు లేదు, ఏమీ లేదు. "మనవాళ్ళకి అక్కరకు రాని పెద్దరికం నీకెందుకే?" అని పెట్టేసింది. పొద్దుటి నుంచి ఆ మాట చెవుల్లోనే ఉంది, అన్నం సయించలేదు.

నీ దిద్దుబాటును ఇవాళ వరండాలోకి రానిచ్చాను. గడి నింపావు కాబట్టి. పిన్ని తిట్టినందుకు కాదు. మొళిని రోజూ వాడే మనిషి చూసి బాగుంది అంటేనే లోపలికి అని పేజీలో రాశాను, మిగిలిన ముగ్గురూ ఒప్పుకున్నారు. కోళిక్కోడ్‌లోని చూపులేని టీచర్ల సంఘానికి నేనే రాశాను. పరీక్షల డ్యూటీలు అయ్యాక చూస్తామన్నారు.

ఇది మాత్రం ఇంటి సంగతే, ఇక్కడే అడగాలి. మొళిని మూగబోయేలా చేసింది నవంబరు దిద్దుబాటు. నిన్న రోజంతా కూర్చుని అది ఉన్నప్పుడూ లేనప్పుడూ చదివించి చూశాను, అనుమానం లేదు. రాసింది నువ్వు, ఆగకుండా లోపలికి పంపింది నేను. డిసెంబరులో ఆ హాల్లో షెరిన్ ముందు మూగబోయింది మనిద్దరి చేతిపనేరా.

ఆమెకు చెప్పావా?

బీన


మానంతవాడి,
ఏప్రిల్ 23.

చేచ్చీ,

నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది. జవాబు రాయలేకపోయాను. ఈస్టర్ అయ్యాక రాద్దాం అనుకున్నాను, ఈస్టరూ అయిపోయింది.

చెప్పలేదు.

డిసెంబరు పరీక్ష నాడు హాలు బయట నేనే నిలబడి ఉన్నాను. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నేనేదో తప్పు మీట నొక్కాను జోబీ," అంది. నాకు అక్కడికక్కడే నా నవంబరు దిద్దుబాటు మీద అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చి చూసుకుంటే నిజమే. చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. షెరిన్ నవ్వుతూ మా అమ్మతో, "నా వేళ్ళు మొద్దుబారిపోయాయి అత్తమ్మా," అని చెబుతోంది. అమ్మ వేళ్ళకు కొబ్బరినూనె రాస్తోంది. ఇప్పుడు కాదులే అనుకున్నాను. ఆ 'ఇప్పుడు కాదులే' ఇంతదాకా వచ్చింది.

రోజూ బడికి వెళ్ళేముందు కీబోర్డు మీటల సాధన చేస్తుంది. కళ్ళున్నవాళ్ళు చేసినంత వేగంగా, ఒక్క మీట తప్పకుండా. పక్కగదిలో పళ్ళు తోముకుంటూ నాకు ఆ టకటక వినిపిస్తుంది. తప్పు లేని వేళ్ళను అలా దండించుకుంటూ ఉంటే నేను నోట్లో బ్రష్ పెట్టుకుని నిలబడతాను. నా అంత సన్నాసి ఈ వయనాడులో ఇంకొకడు ఉండడు. ఈస్టర్ ముందు గురువారం, పెసహా నాడు, అమ్మ అప్పం విరిచి పాలలో ముంచి అందరికీ ఇస్తుంటే, మనసులో ఏదైనా ఉంటే ఇవాళే చెప్పేసుకోవాలి అంది. షెరిన్ నా వైపు ముఖం తిప్పింది. నేను అప్పం బాగుందన్నాను.

ఆమె చేత మొళి చూపించకపోవడానికి కారణం టైం కాదు. చూడమంటే ఎప్పటినుంచి ఇలా ఉంది అని అడుగుతుంది. అడిగితే నవంబరు అని చెప్పాలి.

కోళిక్కోడ్ వాళ్ళు సెలవుల్లో ఊళ్ళకు వెళ్ళారట. పేజీలో ఎవరూ నోరు మెదపడం లేదు. మే పది దగ్గరకొస్తోంది. మీలో ఇద్దరు అవునంటే ఎవరూ చూడకపోయినా, వారం నిండకపోయినా పంపవచ్చని నియమాల్లోనే ఉంది కదా. అత్యవసరమైతే అని ఉంది. ఇంతకన్నా అత్యవసరం ఏముంటుంది? ఆమె ఉద్యోగం పోతే అది నేను తీసేసినట్టే చేచ్చీ. నేను అడిగేది నా కోసం అనుకో, ఆమె కోసం అనుకో, ఏదో ఒకటి అనుకుని చెయ్యి.

జోబి


త్రిసూర్,
మే 5.

జోబీ,

నిన్న నువ్వు మళ్ళీ ఆ దిద్దుబాటును ముట్టుకున్నావు. ముట్టుకున్నప్పుడల్లా వారం మొదటినుంచీ లెక్క అని తెలిసీ, ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యలేకపోయావు. చేతులు ఊరుకోవు నీకు. కాపలావాడు ఇంకొంచెం తొందరగా లేపుతాడని మార్చావట. ఇప్పుడు వారం నిండేది పదకొండున. పదిన కాపీ తీసుకుంటారు. ఇది చూసి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

పూరం ఉత్సవం నాటి ఎండలకు ఊరు మండుతోంది. కుదురుగా ఆలోచించే ఓపిక లేదు. అయినా నిన్నటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. కళ్ళు మూసుకుంటే షెరిన్ వేళ్ళకు పిన్ని నూనె రాయడమే కనబడుతోంది. పంపించేస్తాను. తొమ్మిదో తారీఖు పొద్దున్నే.

రెండో అవును కోసం మా నలుగురిలో ఒకరైన కణ్ణూర్ రవీంద్రన్ సారుకు ఫోన్ చేశాను. నేను విషయం పూర్తిగా చెప్పకముందే, "బీనా, నువ్వు బాగుందంటే నాకు బాగున్నట్టే," అన్నారు. థాంక్స్ చెప్పి పెట్టేశాను. నవంబరులో నేను నీ విషయంలో అనుకున్నది అచ్చంగా ఇదే. అప్పుడు నీ మీద నమ్మకంతో తొందరపడ్డాను. ఇప్పుడు నా మనసు ఊరుకోక తొందరపడుతున్నాను. మూడు లక్షల యంత్రాల్లోకి వెళ్ళేదాన్ని ఇలా పంపకూడదని నాకు తెలుసు. తెలిసే పంపుతున్నాను.

నువ్వు మా పిన్ని కొడుకువనీ, మొళి బాగుపడితే ముందు లాభపడేది నీ భార్యేననీ, వారం తగ్గించడానికి అది కూడా ఒక కారణమనీ పేజీలో నా పేరుతో రాస్తాను. ఎవరేమనుకున్నా సరే.

ఒక్క షరతు. ఎనిమిదో తారీఖులోగా షెరిన్‌కు చెప్పాలి. నవంబరు నుంచీ మొత్తం. పేజీలో నేను రాసింది ఆమె ఎవరి నోటనో వినకూడదు. చెప్పినట్టు నాకు ఒక్క ముక్క రాయి, అప్పుడే ఆమోదం మీట నొక్కుతాను.

బీన


మానంతవాడి,
మే 8.

చేచ్చీ,

నొక్కకు. నొక్కలేదు కదా? రేపు పొద్దున్నకల్లా అందాలని ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను.

మొన్న సాయంత్రం చెప్పాను. ఆమె వంటింట్లో కర్రపెండలం తొక్క తీస్తోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని నవంబరు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అయ్యాక, "ఇప్పుడు పంపింది ఎక్కడుంది, వరండాలోనా?" అని అడిగింది. అవునన్నాను. చేతులు కడుక్కుని తన గదిలోకి వెళ్ళి, వరండాలో ఉన్న మొళిని తన యంత్రంలోకి దింపుకుంది. నిన్న రోజంతా పాత ప్రశ్నపత్రాలు చదివించుకుంటూ కూర్చుంది. భోజనానికి పిలిస్తే చెయ్యి ఊపింది.

ఇవాళ పొద్దున్న పేజీలో ఎర్ర గుర్తు. 'పనికిరాదు. లోపలికి పంపవద్దు.' కింద ఆమె పేరు. ఈ ఉత్తరం రాస్తుంటే అవతల అమ్మతో కొబ్బరికాయల ధర మాట్లాడుతోంది. ఆమె రాసిన కారణం చదువు. నేను చదివాను. ఆమె చెప్పింది నిజం.

కానీ చేచ్చీ, పదో తారీఖు ఎల్లుండే.

జోబి


మానంతవాడి,
జూన్ 12.

బీనచేచ్చికి,

షెరిన్ రాస్తున్నాను. మీరు రెండుసార్లు ఫోన్ చేశారనీ నేను తియ్యలేదనీ అత్తమ్మ బాధపడుతోంది. కోపంతో కాదు. మాట్లాడితే ఏడుస్తానేమో అని తియ్యలేదు. మీరు ఓదారుస్తారు, అది నాకు పడదు. రాయడమైతే చేతనవును.

జోబి చెప్పేవరకూ నాకేమీ తెలియదని మీరిద్దరూ అనుకున్నారు. మంజాడిలో మొళికి సంబంధించి ఏ పేజీ కదిలినా నాకు కబురు వచ్చేలా పెట్టుకున్నాను, పెళ్ళికి ముందు నుంచీ. జనవరిలో మొళి మూగబోతోందని జోబి రాసిందీ, ఇది ఎప్పటినుంచి మొదలైందని మీరు అడిగిందీ, నవంబరు దిద్దుబాటు పేరూ అన్నీ అందులోనే ఉన్నాయి. మీరు ఊరంతా చదవగలిగే చోట రాస్తారు కదా. ఆ ఊళ్ళో నేనూ ఉన్నాను. మొళే నాకు చదివి వినిపించింది.

నా వేళ్ళ తప్పు కాదని జనవరి నుంచీ తెలుసు. అయినా రోజూ మీటల సాధన చేశాను. జోబికి వినబడాలనే చేశాను. వింటే చెబుతాడని. పెసహా నాడు కూడా చెబుతాడేమోనని ఎదురుచూశాను. మీరు దీన్ని మొండితనం అంటారేమో, అనండి.

ఎర్ర గుర్తు గురించి. పాత ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న ఉంది, కింది నాలుగు వాక్యాల్లో తప్పయినది ఏది అని. నాకు మూడే వినబడ్డాయి. నేనే పరధ్యానంగా ఉన్నాననుకుని మళ్ళీ చదివించాను, నాలుగూ వచ్చాయి. మరి మొదటిసారి ఏమైంది? గంట గంటన్నర ఆపకుండా చదివిస్తూ అదే పనిగా చూస్తే అప్పుడు దొరికింది. మొళి మూగబోయింది, కాపలావాడు లేపాడు, అది లేచి తర్వాతి వాక్యం నుంచి చదువుకుంటూ పోయింది. మూగబోయినప్పుడు నోట్లో ఉన్న వాక్యాన్ని మింగేసింది. కళ్ళున్నవాళ్ళకు అది ఆగకుండా చదివినట్టే ఉంటుంది. నాకూ అలాగే ఉంది. ఆ పోయిన నాలుగో వాక్యమే ప్రశ్నకు జవాబు.

డిసెంబరులో మొళి మూగబోతే చెయ్యెత్తి, సారూ ఇది ఆగిపోయిందీ అని అరిచాను. ఎవరూ పట్టించుకోకపోయినా కనీసం అరిచాను. మింగేస్తే ఎవరి మీద అరవను? నాకు తెలిస్తే కదా. నాలాంటి వాళ్ళు ఆ రోజు రాష్ట్రమంతా పరీక్ష రాస్తారు. ఒక్కొక్కరికీ ఏదో ఒక వాక్యం పోతుంది, తమకు రాలేదని అనుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. జోబి దాన్ని బాగు చేశానన్నాడు. మీరు పంపుతానన్నారు. నాకు మంచి చెయ్యాలనే అన్నారు, అది నాకు తెలుసు. నా మేలు కోసం అందరికీ పంపబోయారని తెలిసినప్పుడు మీ ఇద్దరి మీదా వచ్చినంత కోపం డిసెంబరులో కూడా రాలేదు.

మీరు నొక్కకుండా ఆగినందుకు థాంక్స్.

హాల్లో పాత మొళే ఉంటుందని తెలుసు కాబట్టి చదివి రాసిపెట్టే మనిషిని తీసుకుని పరీక్షకు వెళ్ళాను. డిగ్రీ చదివే అమ్మాయి, మంచిది. చరిత్రలో పేర్లు పలకడం రాక ప్రతిచోటా ఆగి సారీ టీచర్ అనేది. పేపరు పూర్తి కాలేదు. ఫలితాలు వచ్చేనెల అంటున్నారు, అప్పటిదాకా అని నా కుర్చీ మేనేజరు మేనకోడలికి ఇచ్చారు. నాకు తెలుసు, నేను పాసవను. ఈ నెల రెండున వానలోనే బడి తెరిచారు. మా ఇంటికి బడి గంట వినబడుతుంది. పదింటికి గంట కొట్టగానే లేచి చీర సర్దుకోబోయి మళ్ళీ కూర్చున్నాను. అత్తమ్మ చూసింది, టీ తెచ్చిపెట్టింది.

జోబి గురించి మీరు అడగరు, నేనే చెబుతాను. మాట్లాడుతున్నాను. పరీక్ష ముందు మొళిని నమ్మలేక పుస్తకాలన్నీ అతని చేత చదివించుకున్నాను. అలసిపోతే అతనూ వాక్యాలు దాటేస్తాడు. కానీ దాటేముందు గొంతు కొంచెం మారుతుంది, నాకు తెలిసిపోతుంది. డిసెంబరు నుంచీ ఆ మారిన గొంతుతోనే నాతో మాట్లాడాడు. ఇప్పుడు మళ్ళీ మామూలుగా ఉంది. మిగతాది నిదానంగా చూసుకుంటాం.

ఉద్యోగం లేదు కాబట్టి బోలెడు తీరిక. నవంబరుది వెనక్కి తీసేద్దామంటే, జోడక్షరాలు సరిగ్గా పలుకుతోందని దాన్ని నమ్ముకున్న పిల్లలు చాలామంది ఉన్నారు, పేజీలో వద్దని రాశారు. అందుకని జోబిని పక్కన కూర్చోబెట్టుకుని కాపలావాడినే సరి చేయించాను. ఇప్పుడు మొళి లేవగానే, ఆగిన వాక్యాన్ని మొదటినుంచీ చదువుతుంది. 'ఎక్కడ బెడిసికొట్టవచ్చు' అనే గడి ఈసారి నేను నింపాను. 'ఒకే వాక్యం రెండుసార్లు వినబడవచ్చు, విసుగు పుట్టవచ్చు, పరీక్షలో కొంత టైం పోవచ్చు. పెద్ద కవితలు చదివేటప్పుడు ఏమవుతుందో నేను చూడలేదు, ఎవరైనా చూడండి' అని రాశాను. జోబి చదివి, ఇన్ని రాస్తే ఎవరు ఆమోదిస్తారు అన్నాడు. బీనచేచ్చి ఆమోదిస్తుంది అన్నాను.

నిన్ననే వరండాలోకి వచ్చింది. నా మీద జాలితో ముందుగా పంపకండి. రవీంద్రన్ సారుకు కూడా ఆ మాట చెప్పండి. వారమంతా కూర్చోనివ్వండి చేచ్చీ, నాకిప్పుడు తొందరేమీ లేదు.

షెరిన్